‘ఆడవాళ్ళలో అయితే’

ఆదివారం భోజనాల దగ్గర మొదలైంది గొడవ. మేము నాష్‌విల్ ఊరి చివర ఉంటాం. ఈ ఊళ్ళో పదిహేనేళ్ళు కాపురం చేస్తే వద్దనుకున్నా కంట్రీ మ్యూజిక్ చెవిన పడుతుంది, కొన్నాళ్ళకి ఒంటబడుతుంది కూడా. ఆ రోజు మా ఆయన ఆఫీసు స్నేహితులు నలుగురొచ్చారు. ఇద్దరు తెలుగువాళ్ళు, ఇద్దరు ఇక్కడి వాళ్ళు. పప్పన్నం తింటూ కంట్రీ సంగీతంలో అందరికంటే గొప్ప కళాకారుడెవరని వాదించుకుంటున్నారు. ఒకాయన హ్యాంక్ విలియమ్స్ అన్నాడు. ఇంకొకాయన జానీ క్యాష్ అన్నాడు. మెర్ల్ హ్యాగర్డ్, జార్జ్ జోన్స్, విల్లీ నెల్సన్ అందరూ వచ్చి వెళ్ళారు. అరగంట గడిచింది. పెరుగు గిన్నె బల్ల మీద పెడుతూ నేను “లొరెట్టా లిన్” అన్నాను. అందరూ ఓ క్షణం ఆగారు. “అవునండీ, ఆడవాళ్ళలో అయితే ఆవిడే” అన్నాడు మన తెలుగాయన ఎంతో మర్యాదగా. “ఆడవాళ్ళలో అయితే డాలీ పార్టన్ కదా” అన్నాడు రెండో ఆయన. అంతే, మళ్ళీ హ్యాంక్ దగ్గరికి వెళ్ళిపోయారు.

ఈ ‘ఆడవాళ్ళలో అయితే’ మనకి కొత్తది కాదు. ‘కవయిత్రుల్లో మేటి’ అన్న బిరుదు ఎన్ని సభల్లో వినలేదూ! పెద్ద పంక్తిలో చోటు లేదు, పక్క గదిలో విస్తరి వేశాం, అక్కడ మీరే ముందు కూర్చోండి అన్నట్టుంటుంది. ఆ రాత్రి గిన్నెలు తోముతూ ఆలోచిస్తే, నాకు కోపం వచ్చింది ఆ పెద్దమనుషుల మీద కాదనిపించింది. వాళ్ళు చేతిలో పట్టుకున్న కొలబద్ద మీద. అదెవరు తయారు చేశారు? దేన్ని కొలవడానికి?

హ్యాంక్ విలియమ్స్ గొప్పవాడు కాదని నేననను. అతని గొంతులో ఒంటరితనం విన్నప్పుడు నాకూ కడుపులో దేవినట్టవుతుంది. కానీ అతని గురించి మాట్లాడేవాళ్ళు పాటతో మొదలుపెట్టి ఎక్కడికెళ్తారో గమనించండి. తాగుడు, నడుంనొప్పికి వాడిన మందులు, 1952లో గ్రాండ్ ఓల్ ఆప్రీ వాళ్ళు ఉద్యోగంలోంచి తీసెయ్యడం, 1953 జనవరి 1న ఒహాయో రాష్ట్రంలో కచేరీకి వెళ్తూ కారు వెనక సీట్లో చనిపోవడం. అప్పటికి అతనికి 29 ఏళ్ళు. ఈ కథే అతని పాటకి రుజువు పత్రం. బతుకు చెడగొట్టుకున్నాడు కాబట్టి పాట నిజం. జానీ క్యాష్‌కి మాత్రలు, జార్జ్ జోన్స్‌కి సీసా. మగవాడి పతనం కళకి ఎరువు. మరి ఇల్లు? అది ఎవరో చూసుకుంటారు. ‘యువర్ చీటిన్ హార్ట్’ పాట తొలి భార్య ఆడ్రీని ఉద్దేశించి రాశాడని చెప్పుకుంటారు. డెబ్భై ఏళ్ళుగా లోకమంతా ఆ పాటలో ఆవిడకి శిక్ష వేస్తూనే ఉంది. అటువైపు వాదన ఎవరూ వినలేదు.

ఒక ఆడమనిషి అలా తాగి, కచేరీలు ఎగ్గొట్టి, పిల్లల్ని వదిలేసి తిరిగుంటే ఆమె పాట ‘నిజం’ అయ్యేదా? ఆమెని ఎవరైనా రెండోసారి వేదిక ఎక్కనిచ్చేవారా?

1952లోనే ఇంకో ముచ్చట జరిగింది. హ్యాంక్ థామ్సన్ అనే ఆయన పాట ఒకటి ఆ ఏడాది మారుమోగింది. కాపురం వదిలి తాగుడు మందిరాల వెలుగులకి ఎగబడే ఆడదాన్ని నిందించే పాట. దానికి జవాబుగా కిట్టీ వెల్స్ ఒక పాట పాడింది. ఆడవాళ్ళు చెడిపోవడం దేవుడి పని కాదు, పెళ్ళయి కూడా పెళ్ళికానట్టు తిరిగే మగవాళ్ళ పుణ్యం అని దాని సారాంశం. అప్పటికి ఆమె ముగ్గురు పిల్లల తల్లి. పాటల పని ఇక చాలనుకుంటూ, రికార్డింగుకి వచ్చే 125 డాలర్ల కోసం పాడింది. ఎన్‌బీసీ రేడియో ఆ పాటను నిషేధించింది. ఆప్రీ వాళ్ళు మొదట్లో పాడనివ్వలేదు. అయినా బిల్‌బోర్డ్ కంట్రీ జాబితాలో మొదటి స్థానానికి ఎక్కింది. ఒంటరిగా పాడిన స్త్రీకి ఆ స్థానం దక్కడం అదే మొదలు. నిందించిన పాటకి ఏ నిషేధమూ లేదు, సంజాయిషీ చెప్పిన పాటకి ఉంది. (ఆ జవాబు రాసింది కూడా ఒక మగాయనే, జె.డి. మిల్లర్. కాదనను. కానీ నిషేధం మోసింది మాత్రం ఆమె గొంతు.) తర్వాత ఆమెకు ‘క్వీన్’ అని కిరీటం పెట్టారు. ఆడమనిషిని ముందు పెట్టుకుని షో నడపకు, జనం రారు అని రాయ్ ఎకఫ్ ఆమె భర్తకి సలహా ఇచ్చాడని చెప్తారు. ఆ ఎకఫ్‌ని లోకం ‘కింగ్’ అంటుంది.

పోనీ, తాగుడూ చావూ పక్కన పెట్టి ప్రభావంతో కొలుద్దాం అంటారా? సంతోషంగా. ఎవరి వల్ల ఈ సంగీతం ఇలా తయారైంది?

1927 జులై చివర్లో, టెన్నెసీ, వర్జీనియా రాష్ట్రాల సరిహద్దులోని బ్రిస్టల్ ఊళ్ళో విక్టర్ కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ రికార్డింగు యంత్రం పెట్టాడు. ఆగస్టు 1న కొండల్లోంచి ఒక కుటుంబం పాడటానికి వచ్చింది. ఎ.పి. కార్టర్, ఆయన భార్య సారా, తమ్ముడి భార్య మేబెల్. సారా, మేబెల్ పుట్టింటి వైపు అక్కచెల్లెళ్ళ వరస, అత్తింటి వైపు తోడికోడళ్ళు. మేబెల్‌కి 18 ఏళ్ళు, నెలలు నిండుతున్న గర్భిణి. సారా చంకలో పాలు తాగే చంటివాడు, వాణ్ణి ఆడించడానికి పెద్దకూతురు. రెండో రోజు ఎ.పి. రానేలేదు. ఆడవాళ్ళిద్దరే కూర్చుని రెండు పాటలు పాడారు. వాటిలో ఒకటి ‘సింగిల్ గర్ల్, మ్యారీడ్ గర్ల్’. పెళ్ళికాని పిల్లకి షికార్లు, పెళ్ళయిన పిల్లకి ఉయ్యాల. నిండు చూలాలు గిటారు వాయిస్తుంటే, చంటిపిల్ల తల్లి ఈ పాట పాడిందన్న సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. కంట్రీ సంగీతం ఆ బ్రిస్టల్‌లోనే పుట్టిందని పుస్తకాలన్నీ రాస్తాయి. రాసి, అదే వారం అక్కడ పాడిన జిమ్మీ రోడ్జర్స్‌ని ‘పితామహుడు’ అంటాయి. పురుడు ఎవరు పోసుకున్నారో మరి!

మేబెల్ చేసిన పని చిన్నది కాదు. అంతవరకూ ఈ పాటల్లో గిటారు వెనక తాళం వేసే వాయిద్యం. ఆమె బొటనవేలితో లావు తీగల మీద రాగం పలికిస్తూ, మిగతా వేళ్ళతో సన్న తీగల మీద తాళం నడిపింది. ఒకే మనిషి ఇద్దరి పని చెయ్యడం! ఇంట్లో వంటా, ఒళ్ళో పిల్లా అలవాటైన చేతులకి అదేం విడ్డూరం అనిపించి ఉండదు. తర్వాత అమెరికాలో గిటారు పట్టిన ప్రతివాడూ తెలిసో తెలియకో ఆ వాయింపు దారిలోంచే నడిచాడు. పాటల హక్కుల కాగితాల మీద మాత్రం ఎక్కువగా ఎ.పి. పేరే ఉంటుంది. ఆయన ఊళ్ళు తిరిగి పాటలు సేకరించిన మాట నిజమే. అలా తిరిగినప్పుడు రాగాలు గుర్తుపెట్టుకుని ఇంటికి మోసుకొచ్చింది లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు. ఆయన పేరూ కాగితాల మీద లేదు. మేబెల్ 1950ల చివర్లో, ఇదే నాష్‌విల్‌లో, రాత్రిపూట రోగుల దగ్గర కూర్చునే పని చేసి ఇల్లు గడుపుకుంది. ఆమె కష్టాన్ని పితామహుల కష్టంలాగా ఎవరూ పురాణం చెయ్యలేదు. రోగి దగ్గర మేలుకుని కూర్చోవడంలో కథేముంది?

ఇక రికార్డులు ఎన్ని అమ్ముడుపోయాయి, ఎన్నిసార్లు మోగాయి అన్న లెక్క. ఈ లెక్క చెప్పేవాళ్ళు రేడియో స్టేషన్లు ఎలా నడుస్తాయో కూడా చెప్పాలి. 2015లో కీత్ హిల్ అనే రేడియో సలహాదారు, శ్రోతలు నిలవాలంటే ఆడవాళ్ళ పాటలు తగ్గించండి అన్నాడు. మగ గాయకులు సలాడ్‌లో ఆకుకూరట, ఆడవాళ్ళు అక్కడక్కడా టమాటా ముక్కలట. ఒట్టావా విశ్వవిద్యాలయంలో జాడా వాట్సన్ లెక్క తీస్తే, 2000లో కంట్రీ రేడియోలో ఏడాది పొడుగునా బాగా మోగిన పాటల్లో ఆడవాళ్ళవి సుమారు మూడో వంతు ఉంటే, 2018కి తొమ్మిదో వంతుకి పడిపోయాయి. వినిపించకుండా ఆపి, ఆ తర్వాత ‘జనం వినడం లేదు’ అనడం! సీఎంఏ వాళ్ళు ఏటా ఇచ్చే అతి పెద్ద అవార్డు 2012 నుంచి 2022 దాకా ఒక్క స్త్రీకీ రాలేదు. 2003లో లండన్ వేదిక మీద డిక్సీ చిక్స్‌లో ఒకామె ఇరాక్ యుద్ధాన్ని, అధ్యక్షుణ్ణి విమర్శిస్తూ ఒక్క వాక్యం అన్నందుకు వాళ్ళ పాటలు రేడియోల్లోంచి రాత్రికి రాత్రి మాయమయ్యాయి. సీడీలు పోగేసి ట్రాక్టరుతో తొక్కించారు. తిరుగుబాటు ఈ సంగీతం ప్రాణమని, జైల్లో పాడిన జానీ క్యాష్‌ని చూపించి మురిసిపోయేవాళ్ళే ఇదంతా చేశారు.

నల్లజాతి స్త్రీ అయితే పక్క గదిలో విస్తరి కూడా లేదు. బాంజో ఆఫ్రికా నుంచి బానిసలతో వచ్చిన వాయిద్యమని అందరికీ తెలుసు. అయినా ఆప్రీ వేదిక మీద ఒంటరిగా పాడిన మొదటి నల్లజాతి స్త్రీ లిండా మార్టెల్, అదీ 1969లో. ఒక్క ఆల్బమ్‌తో ఆమెను పంపించేశారు. 2024లో బియోన్సే తన ఆల్బమ్‌లో ఆమె గొంతు వినిపించేదాకా చాలామందికి ఆ పేరే తెలియదు. అప్పుడు కూడా ‘ఇది కంట్రీయేనా’ అని చర్చ. గొప్పవారెవరన్న ప్రశ్నకి ముందే గుమ్మం దగ్గర ఒక ప్రశ్న ఉంది, దానికి జవాబు మగవాళ్ళెవరూ చెప్పుకోనక్కర్లేదు.

అయినా నేను బల్ల దగ్గర ఒక పేరు చెప్పాను కదా. వెనక్కి తీసుకోను.

లొరెట్టా లిన్ 1932లో కెంటకీ బొగ్గు గనుల లోయలో పుట్టింది. పదిహేనేళ్ళకి పెళ్ళి, ఇరవై ఏళ్ళకి నలుగురు పిల్లలు. మొగుడు తాగేవాడు, తిరిగేవాడు, పదిహేడు డాలర్ల గిటారు కొనిపెట్టిందీ అతనే. ఆమె ఇల్లు వదల్లేదు, కారు వెనక సీట్లో చచ్చిపోలేదు. ఇంటికొచ్చిన తాగుబోతు మొగుడితో తలుపు దగ్గరే నిలబడి మాట్లాడింది. హ్యాంక్ పాటలో మనిషి తన ఒంటరితనంతో తానే మాట్లాడుకుంటాడు. లొరెట్టా పాటలో ఎప్పుడూ ఎదురుగా ఎవరో ఉంటారు. మొగుడో, మొగుడి వెంటపడే ఆడదో. “నువ్వు” అని మొదలవుతుంది. నవ్వుతూనే చురక పెడుతుంది. తన కొండ యాసని నాగరికం చెయ్యకుండా, మాటని మధ్యలో విరిచి, పక్కింటావిడ గోడ మీంచి అన్నట్టు పాడుతుంది. ఇది కళ కాదా? ‘స్త్రీ సమస్య’ మాత్రమేనా? ఏకాంతంలో మూలగడం విశ్వజనీనమూ, ఎదుటివాణ్ణి నిలదియ్యడం స్త్రీ సమస్యా అయింది ఎప్పట్నించి?

‘ద పిల్’ పాటను 1972లో రికార్డు చేసింది. కంపెనీ భయపడి మూడేళ్ళు దాచింది. 1975లో బయటికొస్తే ఎన్నో స్టేషన్లు వెయ్యమన్నాయి. ఏటేటా కడుపుతో ఉండే భార్య, ఇప్పుడు మాత్ర దొరికింది కాబట్టి ఇక కోళ్ళగూడు కూల్చేస్తున్నానని మొగుడికి చెప్పే పాట. కెంటకీలో ఒక పాస్టరు ప్రార్థనలో దాన్ని తిట్టిపోశాడు. పల్లెల్లో కరపత్రాలు చెయ్యలేని పని ఆ పాట చేసిందని డాక్టర్లు తనతో అన్నారని ఆమె చెప్పుకుంది. ఆరుగురు పిల్లల్ని కన్న మనిషి ఆ మాట పాడితే దాని బరువే వేరు.

ఆమె మనకి కావలసిన మనిషిలా ఎప్పుడూ లేదు. స్త్రీ విమోచన ఉద్యమంతో తనని కలిపితే చిరాకుపడింది. 2016లో ట్రంప్‌ని సమర్థించింది. అది నాకు మింగుడుపడదు, సర్దిచెప్పను కూడా. కానీ హ్యాంక్ తాగుడుని ‘మేధావి లక్షణం’ అని క్షమించేవాళ్ళు, ఆమె రాజకీయాలు చూపించి ఆమెను బల్ల మీంచి దించెయ్యాలని చూస్తే ఊరుకోను.

ఆమె 2022 అక్టోబరులో పోయింది. మరుసటేడు మా అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. అమ్మకి ఇంగ్లీషు రాదు. నలుగురం పుట్టాక ఆపరేషన్ చేయించుకుంది. నాన్న చేయించుకుంటే పదిరోజులు పొలం పని ఆగుతుందని ఇంట్లో వాళ్ళు తేల్చారట. ఒకరోజు కూరగాయలకి వెళ్తూ కార్లో ఆ పాట పెట్టాను. అమ్మ కాసేపు విని, “ఎవర్నే ఈవిడ అట్లా దులిపేస్తోంది?” అంది. మొగుణ్ణమ్మా అన్నాను. ఎందుకో చెప్పాను, కోళ్ళగూడు సంగతితో సహా. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, కిటికీలోంచి చూస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. దుకాణం ముందు కారు ఆపబోతుంటే, “ఇంకోసారి పెట్టు” అంది.