కొమ్ము కోనాం, కోనాం కాదు

విశాఖ తీరంలో కొమ్ము కోనాం పొడిచి మత్స్యకారుడు చనిపోయాడన్న వార్త వచ్చినప్పుడల్లా దాని వెనకే ఒక మాట బయల్దేరుతుంది. కొమ్ము కోనాం అంటే కొమ్మున్న కోనాం అనీ, అది కోనాం, వంజరం, ట్యూనాల కుటుంబంలోదేననీ. జాలర్లు పేరులోనే చెప్పిన చుట్టరికాన్ని శాస్త్రం కూడా ఒప్పుకుందని మరికొందరు ధీమాగా చెబుతారు. ఇది తప్పు. శాస్త్రం ఒకప్పుడు అలా అనుకున్న మాట నిజమే. ఆ అభిప్రాయాన్ని అది వదిలేసి చాలాకాలమైంది.

దీన్ని షార్క్ అని రాసేవాళ్ళకు ఒక్క ముక్క చాలు. సొరచేప అస్థిపంజరం మృదులాస్థితో తయారైంది, కొమ్ము కోనాంది గట్టి ఎముక.

అసలు వాదనకు వద్దాం. తీరంలో ఈ పేరుతో పిలిచేది ముఖ్యంగా సెయిల్‌ఫిష్‌నీ, మార్లిన్లనీ. ఇవి ఇస్టియోఫోరిడే కుటుంబం. కోనాం, వంజరం, కానాగర్త, ట్యూనాలది స్కాంబ్రిడే కుటుంబం. రెండింటినీ కలిపేవాళ్ళు మొదట చూపించే సాక్ష్యం వేగం. రెండూ నడిసముద్రంలో దూసుకుపోతాయి, రెండూ వేటాడతాయి, రెండింటికీ తోక నెలవంకలా చీలి ఉంటుంది, కాబట్టి ఒకే ఇంటివంటారు. నీళ్ళను చీల్చుకుపోవాల్సిన ఒంటికి అలాంటి రూపమే వస్తుంది. డాల్ఫిన్‌కీ వచ్చింది, కొన్ని సొరలకీ వచ్చింది. బతుకు తీరు ఒకటైనంత మాత్రాన రక్తసంబంధం ఉన్నట్టు కాదు.

పైగా ఆ వేగం లెక్క కూడా నిలవదు. సెయిల్‌ఫిష్ గంటకు 110 కిలోమీటర్లు ఈదుతుందని పదేపదే రాస్తున్నారు. ఆ అంకె ఫ్లోరిడాలోని లాంగ్ కీలో గాలానికి పడిన చేప ఒకటి మూడు సెకన్లలో 91 మీటర్ల తాడు లాక్కుపోయిందన్న కథనం నుంచి పుట్టింది. కండరం ఎంత త్వరగా ముడుచుకోగలదో కొలిచి 2016లో ప్రచురించిన పరిశోధన సెకనుకు ఎనిమిది మీటర్ల చిల్లర అని తేల్చింది. అంటే గంటకు సుమారు 30 కిలోమీటర్లు.

ఇక శరీరం ఏం చెబుతుందో చూద్దాం. కోనాం వెన్ను మీద, పొట్ట కింద, తోకకు ముందు చిన్న చిన్న రెక్కలు రంపం పళ్ళలా వరసగా ఉంటాయి. స్కాంబ్రిడే కుటుంబానికి అది గుర్తు. కొమ్ము కోనాంకు ఆ వరస లేదు. వెన్నుపూసలు లెక్కపెడితే తేడా ఇంకా గట్టిగా తెలుస్తుంది. స్కాంబ్రిడేలో అవి 31 నుంచి 66 దాకా ఉంటే, మార్లిన్, సెయిల్‌ఫిష్‌లలో 24. పార చేపల్లోనూ సాధారణంగా 24 ఉంటాయి, వాటి సంగతి మళ్ళీ వస్తుంది.

పెద్ద శాస్త్రవేత్తలే ఒకటన్నారు కదా అని అడుగుతారు. అన్నారు. 1986లో డేవిడ్ జాన్సన్ మొప్పల నిర్మాణం లాంటి పోలికల మీద ఆధారపడి, మార్లిన్ల లాంటి కొమ్ము చేపలను వాహూ అనే చేప పక్కన, స్కాంబ్రిడే లోపలే పెట్టాడు. నిర్లక్ష్యంగా చేసిన పని కాదది. అప్పటికి చేతిలో ఉన్న సాక్ష్యంతో చేసిన గట్టి వాదన. కానీ 2006లో డీఎన్ఏ ఆధారంగా ఈ రెండూ వేర్వేరు శాఖలని చెప్పిన పత్రం వచ్చింది. దాని రచయితలు ఒరెల్, కొలెట్, జాన్సన్. అదే జాన్సన్! తన పాత ప్రతిపాదనకు ఎదురు నిలిచే ఫలితం మీద ఆయనే సంతకం చేశాడు. నేటికీ 1986 మాటను పట్టుకుని వాదించేవాళ్ళు ఈ ఒక్క సంగతి గమనించాలి.

2010లో లిటిల్ అనే శాస్త్రవేత్త బృందం మరో అడుగు వేసి, కొమ్ము చేపలకు దగ్గరితనం ఇసుకలో పక్కకి పడుకునే, రెండు కళ్ళూ ఒకే వైపుకి వచ్చిన చదును చేపలతో కనిపిస్తోందని చూపింది. పార చేపలూ బారాకుడాలూ ఆ గుంపులోవే. వాటిలో అన్నిటికన్నా దగ్గరి బంధువు ఏదన్న చర్చ సాగుతోంది. ట్యూనాలు, కోనాంలు ఆ గుంపులో లేవన్న దానిమీద చర్చ లేదు. 'ఫిషెస్ ఆఫ్ ది వరల్డ్' పుస్తకం 2006 ముద్రణ వరకూ కొమ్ము చేపలనూ ట్యూనాలనూ ఒకే ఉపక్రమంలో ఉంచింది. 2016 ముద్రణలో విడదీసి, కొమ్ము చేపలకు ఇస్టియోఫోరిఫార్మిస్ అనే వేరే క్రమం ఇచ్చింది.

ట్యూనా, మార్లిన్ రెండూ ఒంట్లో వేడి నిలుపుకుంటాయి కదా అన్న వాదన కూడా ఇక్కడే కూలిపోతుంది. ట్యూనా ఈదే కండరాల్లో పుట్టిన వేడిని రక్తనాళాల అల్లికతో పట్టి ఉంచుతుంది. మార్లిన్‌లో కంటిని తిప్పే కండరం ఒకటి రూపం మారి, మెదడునూ కంటినీ వెచ్చబెట్టే పొయ్యి అయింది. కోనాంకు రెండు ఏర్పాట్లూ లేవు.

పేరును బట్టి చుట్టరికం తేలదనడానికి మన బజారులోనే ఇంకో రుజువుంది. తెల్ల చందువా వంశవృక్షంలో కోనాం వైపు చేప. నల్ల చందువా పారల కుటుంబంలోది, అంటే కొమ్ము కోనాం వైపుది. పేరు ఒకటే, వంశాలు రెండు.

జాలర్లు తప్పు చెప్పారని నేను అనడం లేదు. వాళ్ళు రూపాన్ని బట్టీ, వలనూ బేరాన్నీ బట్టీ పేరు పెట్టుకున్నారు. వంశవృక్షం గీయలేదు. వాళ్ళ పేర్ల విలువ నాకు తెలుసు. ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల గురించి 1803లో వేసిన పుస్తకంలో కానాగర్త పేరు ఉంది. దాని ఆధారంగానే 1816లో జంతుశాస్త్రవేత్త కూవియే ఆ చేపకు కానాగుర్త అని శాస్త్రీయనామం పెట్టాడు. నేటికీ అది రాస్ట్రెల్లిగర్ కానాగుర్తే. తెలుగు పేరుకు అంత గౌరవం దక్కినచోట, జాలర్లు అనని మాటను వాళ్ళ నోట పెట్టడం అన్యాయం.

పాఠాలూ వార్తలూ రాసేవాళ్ళు ఆ పాత వాక్యాన్ని కొట్టేయాలి. చదివేవాళ్ళు ఈసారి చేపల రేవుకు వెళ్ళినప్పుడు కోనాం తోక దగ్గర ఆ చిన్న రెక్కల వరసను వేలితో తడిమి చూసి, తర్వాత కొమ్ము కోనాం తోకను చూడండి.