రోటి మాటల్లో లోహశాస్త్రం

రాయచూరు జిల్లాలో హట్టి బంగారు గనిని ఎరగనివారుండరు. అక్కడ ఖనిజపు రాయిని ఉక్కు గుండ్లు తిరిగే మిల్లులో పిండి చేసి, సైనైడు ద్రావణంతో బంగారాన్ని బయటికి తీస్తారు. అలాంటి మిల్లులోనే రెండు మూడు లోహాల పొడులు పోసి గంటల తరబడి తిప్పితే, గుండ్ల దెబ్బకు రేణువులు నలిగి, అతుక్కుని, విరిగి, మళ్లీ అతుక్కుంటాయి. కరిగించకుండానే మిశ్రలోహపు పొడి తయారవుతుంది. 1960లలో అమెరికాలో పుట్టిన ఈ పద్ధతితోనే హైదరాబాదులోని ఏఆర్‌సీఐ సంస్థ అణు రియాక్టర్లకు పనికొచ్చే ఉక్కు పొడిని తయారుచేసింది. నూరితే రసాయన చర్య జరగడమూ మనకు కొత్త కాదు. ఆయుర్వేద వైద్యులు కల్వంలో పాదరసం, గంధకం కలిపి నూరితే నల్లని కజ్జలి అవుతుంది. పాదరసం విషం కనుక పిల్లలు చేయకూడని ప్రయోగమిది.

"తెలుగు మీడియంలో సైన్సు సాగుతుందా?" అని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతున్నారు. పైచదువులు ఇంగ్లీషులోనే కనుక ఆ భయం ఉత్తది కాదు. కానీ నూరడం, అతకడం, విరగడం పిల్లలకు ఇంటి మాటలు. ముందు ఆ మాటల్లో అర్థం కుదిరితే, పేరు తర్వాత నేర్చుకోవచ్చు. మిశ్రలోహం కన్నడంలోనూ మిశ్రలోహమే, ఇంగ్లీషులో అల్లాయ్. మూడు పేర్లూ బోర్డుమీద పక్కపక్కన రాద్దాం. బడి మార్చే ముందు, ఈ పాఠాన్ని మీ పిల్లల చేత ఒకసారి చెప్పించుకుని వినండి.