మెరుపు సరే, గాలి నిలుస్తుందా?

పద్యనాటకాలకు హార్మోనియం వాయిస్తాను. నా పెట్టె నేనే విప్పి బాగుచేసుకుంటాను. ఇప్పుడొస్తున్న వాటిలో మెరుపు ఎక్కువ, పనితనం తక్కువ. ఇత్తడి రీడు శ్రుతి తప్పిందనుకోండి, నాలుక కొసన సన్నగా గీకితే స్థాయి పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. అంతే పని. దానికి రీడ్ బోర్డు చేతికందాలి కదా! జిగురుతో అతికించేస్తే ఎలా? మరలతో బిగించి, అంచున మెత్తటి తోలు వెయ్యండి. గమకం పలకదంటూ 1940లో ఆలిండియా రేడియో ఈ వాద్యాన్ని నిషేధించింది. ఆ లోపం నిజమే, ఒప్పుకుంటాను. గాలి కారడం మాత్రం చేసినవాడి బద్ధకం. కొనేముందు మెట్లేవీ నొక్కకుండా తిత్తి నింపి చూడండి. చప్పున వాలిపోతే ఆ పెట్టె అక్కడే వదిలేసి రండి.