శషసల పరీక్ష

వెల హెచ్చినకొద్దీ ఇయర్‌ఫోను గుణం హెచ్చుతుందనుకోవడం, పట్టుపంచె అంచు వెడల్పును బట్టి పాండిత్యాన్ని కొలవడం వంటిది. తీర్పు ముందే చెప్పేశాను కనుక ఇక కారణాలు విన్నవించుకోవడమే మిగిలింది. శషభిషలు లేకుండా విన్నవిస్తాను.

ఈ విషయంలో తెలుగు పంతులుకేం పని అని మిత్రులు నవ్వుకోవచ్చు. పనుంది. ముప్పై యేళ్లకు పైగా బడిపిల్లల ఉచ్చారణ దిద్దిన చెవులివి. మా మేనల్లుడు సంగీతప్రియుడు. వాడి పుణ్యమా అని రెండువేల రూపాయల జత ఒకటి, పదిహేనువేల జత ఒకటి, లక్షకు చేరువైన జత ఒకటి కొన్ని నెలలపాటు నా వద్ద ఉన్నాయి. మూడూ తీగ ఉన్నవే, చెవిరంధ్రంలో అమరేవే. వాటి పేర్లు చెప్పను. నేను చెప్పదలచినది కొలమానాన్ని గురించి గాని సరుకును గురించి కాదు.

వీటిపై వచ్చే ఆంగ్ల సమీక్షలు తిరగవేస్తే ధ్వని వెచ్చగా ఉన్నదనీ, చీకటిగా ఉన్నదనీ, వేదిక విశాలంగా ఉన్నదనీ కనబడుతుంది. వారి భాషలో ఆ మాటలు అర్థవంతాలే కావచ్చు. ఉన్నవి ఉన్నట్టు తెలుగులోకి దించితే మాత్రం ఉడకని అన్నం వడ్డించినట్లుంటుంది. మనకు మాటల కరవు లేదు. మంద్ర, మధ్య, తారస్థాయిలున్నాయి. తీగ మీటిన తర్వాత మిగిలే మ్రోతకు అనురణనమని పేరుంది. తంబురా తీగ కింద నూలుపోగు సవరించగానే పలికే ఝంకారానికి జీవాళి అని పేరుంది. 13వ శతాబ్దంలోనే శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో గాయకుల కంఠధ్వని గుణాలను, దోషాలను వేరువేరుగా పేర్లు పెట్టి లెక్కించాడు. అంతటి సంపద ఇంట ఉండగా పొరుగింటికి అరువుకు పోనక్కరలేదు.

నా మొదటి పరీక్ష సంగీతం కాదు, అక్షరం. శకలమంటే ముక్క, సకలమంటే సమస్తం. ధారకూ దారకూ నడుమ ఒక ఒత్తే తేడా. మొదటిది ప్రవాహం, రెండవది భార్య. ఈ భేదాలు చెవికి తెలియజేయలేని పరికరం ఎంత ఖరీదైనదైనా తెలుగువాడికి కొరగాదు. శ, ష, సలు ఊష్మాలు, అంటే గాలి ఒరుసుకుంటూ పుట్టే ధ్వనులు. దంత్యమైన సకారపు బలమంతా సుమారు 4,000 హెర్ట్జ్‌లకు పైన ఉంటుంది. తాలవ్యమైన శకారం అంతకన్న కిందనే మొదలవుతుంది. మూర్ధన్యమైన షకారం ఇంకా కిందికి దిగుతుంది. ఆ ప్రాంతంలో పరికరం మందగిస్తే సకలం కాస్తా శకలమవుతుంది. అక్కడే అతి చేస్తే ప్రతి సకారమూ ఈలవేసి చెవిలో సూదిలా గుచ్చుకుంటుంది. 1974లో విడుదలైన ఘంటసాలవారి భగవద్గీత ఈ పరీక్షకు తగినది. శ్లోకాలలో ఊష్మాలూ మహాప్రాణాలూ పుష్కలం; పక్కనే తెలుగు తాత్పర్యం అదే కంఠంతో మాటగా వినిపిస్తుంది. పాటనూ మాటనూ ఒకేచోట తూచవచ్చు.

రెండవ పరీక్షకు మన గోదావరి సీమ వారే చాలు. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి, కాకినాడలో పుట్టి ఆయన వద్దనే శిష్యరికం చేసిన చిట్టిబాబు, ఈ ఇద్దరి వీణల్లో ఏదైనా ఒక ఆలాపన వినండి. మీటు పడిన క్షణం ఎవరైనా వినిపిస్తారు. మీటు తర్వాత తీగను లాగినప్పుడు గమకం ఎంతదాకా సాగింది, అనురణనం ఎక్కడ అణగింది అన్నది వినిపించాలి. ఆపైన శంకరగుప్తంలో 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గాత్రం వినండి. మూడు స్థాయిలలోనూ అలవోకగా సంచరించిన కంఠమది. ఆయన మంద్రానికి దిగినప్పుడు కంఠం మృదంగపు తొప్పిలో కలిసి మునిగిపోతే, ఆ పరికరం మంద్రాన్ని ఉబ్బించి చూపుతున్నదన్నమాట. ఈనాడు అమ్ముడుపోయే సరుకులో తరచుగా కనబడే దోషమిదే.

మూడవది పాత రికార్డుల పరీక్ష. మనబోటివాళ్లం వినేది ఎక్కువగా నాటక పద్యాలూ, 78 భ్రమణాల లక్కపలకల నుంచి ఎత్తిన పాటలూ, రేడియో నుంచి పట్టిన కచేరీలూ కదా. మీడియం వేవ్ ప్రసారంలో దాదాపు 5,000 హెర్ట్జ్‌లకు పైన మిగిలేది స్వల్పం. ఇక పరికరం 40,000 హెర్ట్జ్‌ల వరకు పలుకుతుందని డబ్బా మీద అచ్చువేసి ఏం లాభం? ఆరోగ్యవంతుడైన పడుచువాడి చెవికే 20,000 హద్దు. లక్ష రూపాయల జతలో ఆ పాత పద్యాలు పెట్టి వింటే నాకు స్పష్టంగా వినిపించినది సూది గీకుడు! పరికరం అబద్ధమాడలేదు, నిజమే. కాని పద్యం కోసం కూర్చున్నవాడికి గీకుడు వినిపించే సత్యసంధతతో పనిలేదు.

ఇక సుఖం మాట. చెవిలో కుదరనిది చెవికి పలకదు. రంధ్రానికీ సిలికాన్ తొడుగుకూ నడుమ సందున్నదా, మంద్రధ్వని అంతా ఆ సందులోంచి జారిపోతుంది. వేలు పోసి కొన్నవాడు పెట్టెలోని చిన్న, నడిమి, పెద్ద తొడుగులను మార్చి చూడకుండా ధ్వని పలచగా ఉన్నదని నిందించడం న్యాయం కాదు. రెండు చెవులకు రెండు వేరు కొలతలు పట్టేవారూ ఉంటారు. తీగను చెవి పైనుంచి వెనక్కు తిప్పి వేసుకుంటే చొక్కాకు రాసుకునే గరగర తగ్గుతుంది.

అయితే ఈ సరుకు తయారుచేసే వారికి మన వైశాఖపు ఉక్క తెలియదు. గంట గడిచేసరికి చెమటకు సిలికాన్ జారుతుంది. నురుగు తొడుగు చెమట పీల్చి పాడవుతుంది. గోదావరి స్నానం చేసి తడి చెవుల్లోనే వీటిని దూర్చడం మంచిది కాదు. తేమ నిలిచిన చెవిలో ఫంగస్ చేరుతుందని వైద్యులు చెబుతూనే ఉంటారు. గంటకోసారి తీసి చెవికి గాలి తగలనివ్వాలి. లోహపు తొడుగుతో బరువైన ఆ లక్ష రూపాయల జతను నేను నలభై నిమిషాలకు మించి భరించలేకపోయాను. రెండువేల జత చెవిలో ఉన్న సంగతే మరచిపోయాను. సుఖమంటే అదీ.

ఇప్పుడు అసలు సంగతి. వయసు పైబడ్డప్పుడు చెవి మొదట పోగొట్టుకునేది తారధ్వనులను. అచ్చులు నిలుస్తాయి, హల్లులు జారిపోతాయి. గొంతు వినిపిస్తుంది, మాట తెలియదు. అందుచేత మావంటివారు ధ్వని పెంచుతారు. పెంచిన ధ్వని ఉన్న వినికిడిని కూడా హరిస్తుంది. వారానికి 40 గంటలు వినేవారు 80 డెసిబెల్లు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆపైన ప్రతి 3 డెసిబెల్లకూ కాలం సగానికి తగ్గుతుంది. 90 వద్ద వారానికి 4 గంటలే. రాజమహేంద్రవరం నుంచి అమలాపురం వెళ్లే బస్సులో ఇంజను రొదను మించి పాట వినాలని మీట నొక్కుకుంటూ పోయే కుర్రవాళ్లను చూస్తే గుండె చెరువవుతుంది. చక్కగా బిగిసిన ఇయర్‌ఫోను బయటి రొదను అడ్డుకుంటుంది గనుక తక్కువ ధ్వనిలోనే పాట తెలుస్తుంది. ఈ పరికరాల అసలు విలువ ఇక్కడ ఉంది. 1991లో ఎటిమోటిక్ సంస్థ తెచ్చిన ఇఆర్-4 ఈ మార్గానికి ఆదిపురుషుల్లో ఒకటి. అందులోని బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ యంత్రం అంతకుముందు వినికిడి సహాయక పరికరాలకు వాడినదే. చెవిటివారి ఊతకర్ర రసికుల చేతికి వచ్చిందన్నమాట. అలాగని ఇయర్‌ఫోను వినికిడి యంత్రం కాదు. మాట తెలియనివారు ముందు చెవి వైద్యుణ్ణి చూడాలి.

ధరకూ గుణానికీ పొత్తు లేదన్నది నా ఒక్కడి మాట కాదు. 2017లో యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలను పోల్చి, వివిధ స్థాయిలలో అవి పలికే తీరుకూ అమ్మకపు ధరకూ సంబంధం కనబడలేదని ప్రకటించాడు. మా మేనల్లుడు ఒప్పుకోడు. కొత్తగా శ్రద్ధతో చేసిన రికార్డింగుల్లో వాద్యాలు విడివిడిగా తెలుస్తాయంటాడు. వీణ విషయంలో వాడి మాటలో కొంత నిజముంది. రెండువేల జతకూ పదిహేనువేల జతకూ నడుమ నాకు తేడా తెలిసింది. పదిహేనువేల నుంచి లక్షకు పోయినప్పుడు కళ్లు మూసుకుంటే ఏది ఏదో చెప్పలేకపోయాను. ఆ తేడా సొమ్ముతో ఒక పేదపిల్లవాడికి వీణ కొనిపెట్టవచ్చు.

తీగ ఎందుకు, తీగలేనివి రాలేదా అంటారేమో. 2016లో ఐఫోన్ 7 వచ్చాక చాలా ఫోన్లలో ఆ గుండ్రని రంధ్రం మాయమైన మాట వాస్తవమే. చిన్న అడాప్టరు తగిలించుకోవలసి వస్తున్నది. అయినా తీగలేనివాటి బుల్లి బ్యాటరీలు వాడేకొద్దీ క్షీణిస్తాయి, మార్చడం కష్టం. ఊడదీయడానికి వీలైన తీగ తెగితే తీగ ఒక్కటే మార్చుకుంటాం. పింఛను మీద బతికేవాడికి ఈ లెక్క ముఖ్యం.

కనుక కొనదలచిన మిత్రులకు నా మనవి. డబ్బా మీది అంకెలు పక్కన పెట్టండి. తొడుగు సరిగా కుదుర్చుకోండి. మీకు కంఠతా వచ్చిన పద్యం ఒకటి తక్కువ ధ్వనిలో పెట్టుకుని ప్రతి అక్షరమూ విడిగా వినబడుతున్నదో లేదో చూడండి. గంటసేపు చెవిలో ఉంచుకుని నొప్పి ఉన్నదేమో చూసుకోండి. ఈ రెండూ నెగ్గితే రెండువేల జతయినా కళ్లకద్దుకుని తీసుకోండి. నెగ్గకపోతే లక్ష జతనైనా నిర్మొహమాటంగా తిరిగి ఇచ్చేయండి.

మీ చెవుల తీర్పు వేరుగా ఉంటే వ్యాఖ్యల్లో తెలియజేయగలరు. ఏ పద్యంతో పరీక్షించారో కూడా రాస్తే సంతోషిస్తాను.