ఇంకో బాక్స్ వద్దు, బేస్‌కు ప్రీయాంప్ కొనండి

మా కామారెడ్డి, ఎల్లారెడ్డి ఫంక్షన్ హాళ్లలో బేస్ గిటార్ ఎవరికీ వినపడటం లేదు. కడుపులో గుద్దినట్టు తగిలే మోతనే జనం బేస్ అనుకుంటున్నారు. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, ఆదివారం చర్చిలో ఏళ్లుగా నాలుగు తీగల బేస్ వాయిస్తున్నవాణ్ని కాబట్టి ఈ మాట బాధతోనే రాస్తున్నాను. ‘‘అన్నా, బేస్ సాల్తలేదు, ఇంకో బాక్స్ దించాల్నా?’’ అని సౌండ్ తమ్ముడు అడగని పెళ్లి లేదు. బాక్సులు పెరిగాయి. పాట షడ్జం నుంచి పంచమానికి కదిలినప్పుడు అడుగున నా స్వరమూ కదిలిందన్న సంగతి మాత్రం మూడో వరుస దాటి పోవడం లేదు.

లోపం బాక్సుల్లో లేదు, వైరు గుచ్చే చోట ఉంది. బ్యాటరీ లేని మామూలు బేస్ గిటార్ పికప్‌కు పది లక్షల ఓమ్‌ల ఇన్‌పుట్ దొరికితేనే ఊపిరాడుతుంది. మనం దాన్ని నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో పెడతాం. అక్కడ ఉండేది చాలాసార్లు పదివేల ఓమ్‌లు, మహా అయితే ఇరవై వేలు. తీగ మీద వేలు పడ్డ స్పష్టత, స్వరం మొదలైన క్షణం అక్కడే నలిగిపోతాయి. మిగిలిన మొద్దు శబ్దాన్ని ఎన్ని బాక్సుల్లోకి పంపినా మొద్దుగానే ఉంటుంది.

పికప్‌కు కావలసిన ఇన్‌పుట్ ఇచ్చి సిగ్నల్‌ను మిక్సర్‌కు తగినట్టు పంపే ట్యూబ్ (వాల్వు) ప్రీయాంప్ పెడల్ అవసరం ఇక్కడే. నా పెడల్‌లో 12ఏఎక్స్7 అనే గాజు వాల్వు ఒకటి ఉంది. మన తాతల వాల్వు రేడియోల జాతే అది. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా ఒకప్పుడు రేడియో వాల్వులు తయారు చేసింది. సిగ్నల్ కాస్త మీరినప్పుడు వాల్వు దాన్ని కత్తిరించినట్టు తెంచదు, మెత్తగా వంచుతుంది. ఆ వంపులో అసలు స్వరానికి రెండింతల, మూడింతల కంపనాలు తోడవుతాయి.

వాటితో మనకేం లాభం? బేస్ గిటార్ లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. చర్చి గోడలకు బిగించిన కాలమ్ స్పీకర్లు అంత కిందికి దిగలేవు. 82, 123 దగ్గర మాత్రం ఎంతో కొంత పలుకుతాయి. అవి చెవిన పడితే, లేని 41ని మెదడు తానే పూరించుకుంటుంది. ఇళయరాజా పాటల్లో శశిధరన్ వాయించిన బేస్ టీకొట్టు టేప్‌రికార్డర్‌లోనూ మనకు తెలిసిందంటే, మోత వల్ల కాదు. ఆ పై కంపనాల వల్లే.

1969లో ఆంపెగ్ కంపెనీ 300 వాట్ల ఎస్‌వీటీ బేస్ యాంప్లిఫయర్ తెచ్చింది, దాని నిండా వాల్వులే. లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి బైక్ మీద పోయే మాలాంటివాళ్లు అలాంటి బరువు మోయలేరు. పెడల్ అయితే గిటార్ బ్యాగు జేబులో పడుతుంది. స్పాంజిలో చుట్టుకోవాలి, వాల్వు వేడెక్కే దాకా ఆగాలి. అడాప్టర్ మాత్రం ఏది దొరికితే అది పెట్టకూడదు. ఈ వాల్వు ఫిలమెంటే 12.6 వోల్టుల దగ్గర 150 మిల్లీయాంపులు తాగుతుంది. చిల్లర అడాప్టర్లు అక్కడే చేతులెత్తేస్తాయి.

గట్టిగా మీటినప్పుడే కొంచెం గరుకు వినపడేలా గెయిన్ ఉంచుతాను. బేస్ నాబ్ తగ్గించి మిడ్ పెంచుతాను. తగ్గిస్తుంటే పక్కన ప్యాడ్స్ వాయించే అబ్బాయి ఎప్పుడూ ఆశ్చర్యపోతాడు. అతని కిక్‌కు చోటు దొరికేది కూడా అందువల్లే. పెడల్‌లో బ్లెండ్ నాబ్ ఉంటే శుద్ధమైన సిగ్నల్ సగమైనా కలపాలి, లేకపోతే అడుగు పోతుంది. పెట్టె మీద ట్యూబ్ అని రాసి ఉందని మురిసిపోకండి, లోపల వాల్వు ఉందో లేదో అడగండి. టెక్21 శాన్స్‌యాంప్‌లాంటివి వాల్వు లేకుండానే ఆ గుణాన్ని దగ్గరగా ఇస్తాయి. డబ్బు తక్కువైతే అవీ మంచివే, నేరుగా గుచ్చడం కన్నా ఎంతో నయం.

చర్చి కమిటీ పెద్దలకు, ఆర్కెస్ట్రా యజమానులకు నా విన్నపం ఒక్కటే. ఈసారి 18 అంగుళాల బాక్స్‌కు అడ్వాన్స్ ఇచ్చేముందు మీ బేస్ వాయించే పిల్లవాడికి మిక్సర్‌కు కలిపే డీఐ అవుట్‌పుట్ ఉన్న మంచి ప్రీయాంప్ ఒకటి కొనివ్వండి. తర్వాత చివరి వరుసలో కూర్చుని ఒక పాట పూర్తిగా వినండి. బాక్స్ సంగతి అప్పుడు నిర్ణయించండి.