గూడేల మధ్య నడక

ఉట్నూరు, ఆసిఫాబాద్‌ల నడుమ పరుచుకున్న గుట్టలు ఎత్తులో గొప్పవి కావు. నీళ్లను మాత్రం రెండు దిక్కులకు పంచుతాయి. కడెం దక్షిణంగా సాగి గోదావరిలో కలిస్తే, పెద్దవాగు తూర్పుకు మళ్లి ప్రాణహితను చేరుతుంది. ఈ రెంటి మధ్య లోయల్లోనే గోండు, కొలాం, ప్రధాన్, తోటి అనే తెగల గూడేలున్నాయి. కొండగట్టు వైపు నుంచి వెళ్లేవారు ధర్మపురి దాటి, రాయపట్నం వంతెన మీదుగా లక్షెట్టిపేట చేరి, అక్కణ్నుంచి జన్నారం, ఉట్నూరు, జైనూరు మీదుగా కెరమెరి ఘాట్‌కు చేరుకుంటారు. జన్నారం దాటాక రోడ్డు కవ్వాల్ అడవిలో పడుతుంది. 2012లో ఇది పులుల అభయారణ్యమైంది. రాత్రిపూట రాకపోకలపై ఆంక్షలుంటాయి కనుక పొద్దు ఉండగానే ఈ దారి దాటాలి.

పాత ఊళ్లు చూద్దామని వచ్చినవారికి గూడెంలో మొదట ఎదురయ్యేది నిరాశే. చెక్కిన గడపలు, రాతి మేడలు కనిపించవు. మట్టి గోడలు, వెదురు తడకలు, పైన పెంకు, ఈమధ్య రేకులు, అక్కడక్కడా డాబాలు ఉంటాయి. ఇక్కడి పాతదనాన్ని గోడల్లో వెతకడం దండగ. గోండులు ఒకప్పుడు ఊరినే కదిలించేవారు. భూమి సారం తగ్గినా, రోగాలు వచ్చినా మరోచోటు చూసుకుని, ఊరి కాపరి అకిపేన్‌ను అక్కడ నిలిపి, ఇళ్లు కట్టుకునేవారు. ఊరు పెట్టినవారి వంశానికే పటేల్‌గిరీ, పూజలు చేసే దేవారి పనీ దక్కేవి. ఇల్లు మారినా వంశం, దేవుడు, ఏ ఊరితో వియ్యం, ఏ ఊరికి ఏ దారిన పోవాలన్నది మాత్రం మారేవి కావు.

ఆ కదలికకు అడ్డుకట్ట వేసింది నిజాం కాలపు రిజర్వు అడవుల చట్టం. ఊళ్ల చుట్టూ గీత గీసి, బీడు పెట్టిన చేలను సైతం అడవిలో కలిపేశారు. దున్నితే కేసులు, పశువులు మేస్తే పన్నులు. కెరమెరి మండలంలోని జోడేఘాట్, బాబేఝరి, పట్నాపూర్ తదితర 12 గూడేల కోసం గోండు నాయకుడు కొమరం భీం తిరగబడింది ఈ గీత మీదే. 1940లో జోడేఘాట్ గుట్టల్లో పోలీసు కాల్పుల్లో ఆయన ప్రాణాలు విడిచారు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి అక్కడ వర్ధంతి జరుగుతుంది. హట్టి దగ్గర పెద్ద రోడ్డు వదిలి లోపలికి మళ్లే జోడేఘాట్ దారిలో ఇప్పుడు కార్లు నేరుగా భీం మ్యూజియం దాకా పోతాయి. అద్దాల్లోంచి చూసి, విగ్రహం దగ్గర ఫోటో దిగి వచ్చేస్తే ఆ 12 ఊళ్లు ఒకదానికొకటి ఎంత దూరమో, మధ్య ఒర్రెలు ఎన్నో తెలియదు. పోరాటం ఆ గుట్టల్లోనే ఎందుకు నిలిచిందో కాలినడకన వెళ్తేనే అర్థమవుతుంది.

భీం మరణం తర్వాత గోండుల కష్టాలేమిటో తెలుసుకోమని నిజాం సర్కారు ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన జైనూరు దగ్గరి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ 1987లో కన్నుమూస్తే సమాధి మార్లవాయిలోనే కట్టారు. 1995లో లండన్‌లో పోయిన హైమన్‌డార్ఫ్ అస్థికలూ తర్వాత ఆమె పక్కకే చేరాయి. ఏటా జనవరి 11న చుట్టుపక్కల గూడేలవారు అక్కడికి వచ్చి నివాళి అర్పిస్తారు. గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజుదీ ఈ ఊరే.

గుస్సాడీని వేదికల మీద చూసినవారికి అది నెమలి ఈకల టోపీ, ఒంటికి బూడిద, డప్పుల మోత మాత్రమే. గూడేల్లో అది ప్రయాణం కూడా. దీపావళి ముందు రోజుల్లో దండారీ అనే నృత్య బృందం ఒక ఊరి నుంచి మరో ఊరికి విడిదికి వెళ్తుంది. గుస్సాడీ దీక్షలో ఉన్నవారు అది ముగిసేదాకా స్నానం చేయరు. సాయంత్రానికి ఊరి పొలిమేర చేరిన బృందానికి ఆతిథ్య గ్రామంవారు ఎదురొచ్చి రాంరాం చెప్పి తోడ్కొని పోతారు. రాత్రంతా ఆటపాటలు. తెల్లారి విందు తిని వీడ్కోలు. పెళ్లి సంబంధాల మాటలు నడిచేదీ అప్పుడే. వచ్చినవారి ఊరికి తిరిగి వెళ్లడం ఆతిథ్యమిచ్చినవారి బాధ్యత. ట్రెక్కింగ్ కంపెనీలు ఇప్పుడు హోమ్‌స్టే పేరుతో అమ్ముతున్నదానికి ఇక్కడ ఎప్పటినుంచో పద్ధతి ఉంది, ధరే లేదు.

ఇంతకన్నా పెద్ద నడక గోండుల్లోని మెస్రం వంశీయులది. పుష్య మాసంలో సర్పదేవత నాగోబా పూజకు గోదావరి జలం కోసం ఇంద్రవెల్లి మండలం కెస్లాపూర్ నుంచి జన్నారం దగ్గరి హస్తినమడుగుకు వెళ్తారు. కాళ్లకు చెప్పులుండవు. తెల్ల పంచెలు, తలపాగాలతో ఒకరి వెనక ఒకరు వరసగా నడుస్తారు. ఎక్కడ బస చేయాలో, ఏ ఊరు ముందో ఏ ఊరు వెనకో పెద్దలు ఖరారు చేసిందే. ఝరి అనే పాత్రలో నింపిన నీళ్లతో తిరిగొచ్చి కెస్లాపూర్ మర్రిచెట్ల కింద దిగుతారు. పూజకు కావలసిన కుండలు సిరికొండ కుమ్మరులు చేస్తారు. వేల మంది చేరినా మెస్రం కుటుంబాల వంట 22 పొయ్యిల మీదే జరగాలి. ఏ పొయ్యి ఎవరిదో తగవు లేకుండా తెలిసిన పద్ధతి అది. పుష్య అమావాస్య రాత్రి మహాపూజ అయ్యాక కొత్త కోడళ్లను నాగోబాకు పరిచయం చేసే భేటింగ్ జరుగుతుంది. అప్పటిదాకా వారు దేవుడి ముందుకు రాకూడదు.

బయటివారు ఈ దారుల్లో నడవాలంటే అటవీశాఖ అనుమతి ఒకటి కావాలి, పటేల్ మాట మరొకటి. మొదటిది కాగితం మీద దొరుకుతుంది. రెండోదానికి ఊళ్లో కూర్చుని పని చెప్పుకోవాలి. దేవుడుండే చోట చెప్పులు, అడగకుండా ఫోటోలు రెండూ తప్పే. వానాకాలంలో ఒర్రెలు పొంగితే గూడేలకు అంబులెన్సు కూడా రాదు, యాత్రికుల సంగతి చెప్పనక్కర్లేదు. కుంతాల జలపాతంలో సరదాకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారు చాలామందే. దీపావళి నుంచి పుష్యం దాకా అనువైన కాలం. కాకపోతే రాష్ట్రంలో చలి ఎక్కువగా నమోదయ్యే చోట్లైన సిర్పూర్ (యు), గిన్నెధరి ఈ కొండల్లోవే. పత్తి ఏరే రోజులూ అవే కాబట్టి పగలు గూడెంలో ముసలివాళ్లు, పిల్లలే ఎదురుపడతారు. జొన్నరొట్టె, కందిపప్పు దొరికేది పొద్దుగూకాకే.

ఈ దారులు రాష్ట్ర సరిహద్దునూ దాటుతాయి. కెరమెరి మండలం ఉత్తరాన పరందోలి, ముకదంగూడ వంటి ఊళ్లను తెలంగాణ, మహారాష్ట్ర రెండూ తమవే అంటాయి. అక్కడివారికి ఓట్లూ, రేషన్ కార్డులూ రెండేసి. ఆ సరిహద్దు అడవిలో, మహరాజ్‌గూడ దగ్గరి గుహలో జంగుబాయి దేవత ఉంది. పుష్యంలో రెండు రాష్ట్రాల గోండులు, ప్రధాన్‌లు, కొలాంలు అక్కడికి వస్తారు, కొందరు ఇప్పటికీ ఎడ్లబండ్ల మీదే.