దారిపలకలును తెలుగు పలుకును

ఒక దేశపు పరిపాలన యెట్టిదో తెలిసికొనుటకు దాని శాసనగ్రంథములను తిరుగవేయ నక్కఱలేదు. బాటప్రక్క నిలిచిన పలకలను చదివిన చాలును. పలక యనగా ప్రభుత్వము ప్రజలతో ప్రతిదినము పలుకు మాట. ఆ మాటయే తప్పైనచో తక్కిన మాటల నెవరు నమ్ముదురు? ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల రహదారులపై నేడు కానవచ్చు తెలుగు పలకలలో అనేకములు తెలుగువాడు వ్రాసినట్లును లేవు. తెలుగువాడు చదువవలెనని వ్రాసినట్లును లేవు. ఇది నవ్వి విడువదగిన విషయము కాదని మా యభిప్రాయము.

ముందుగా ఊరిపేళ్ల సంగతి చూతము. దొరల కాలమున కాకినాడ ‘కొకనాడ’ యయ్యెను. మచిలీపట్టణము ‘మసులిపటము’ అయ్యెను. ఏలూరు ‘ఎల్లూరు’ అయ్యెను. వారి నాలుకకు మన పలుకు తిరుగలేదు, అంతియ. కడప పేరునకు వారు పెట్టిన వికృతరూపము తొలగుటకు 2005వ సంవత్సరము రావలసివచ్చెను. రాజమహేంద్రవరము తన పేరు తాను పొందుటకు 2015 రావలసివచ్చెను. పరాయివాడు చెఱిచిన పేళ్లను ఇంత కాలమునకు దిద్దుకొన్న మనము, ఇప్పుడు మన చేతితోనే క్రొత్తగా చెఱుపుకొనుచున్నాము.

ఇది జరుగు తీరు వినదగినది. పేరు మొదట ఆంగ్లాక్షరములలో కాగితమున కెక్కును. దానిని చూచి మరల తెలుగున వ్రాయుదురు. ఆంగ్లలిపికి తకార టకారముల భేదము లేదు; దకార డకారముల భేదము లేదు; హ్రస్వదీర్ఘముల నిర్ణయము లేదు. కనుక ‘కోట’ ‘కోత’ యగును. ‘కొండ’ ‘కొంద’ యగును. ‘పేట’ ‘పెట’ యగును. తాడేపల్లిగూడెమును ‘తదేపల్లిగుదెం’ అని వ్రాసినను, కోదాడను ‘కొడాడ్’ అని వ్రాసినను ఆ మూలప్రతి వ్రాతగాని నాపజాలదు. కొండయు, కోటయు, గూడెమును ఆ యూరి చరిత్రకు గుఱుతులు. అక్షరము మారిన చరిత్రయే చెడును. ఆ యూరిలో అక్షరములు దిద్దుకొను పసివాడు సయితము పట్టగల తప్పును, వేలకొలది రూపాయలు వెచ్చించి ఇనుపరేకుపై ఎక్కించి, ఊరిమొగమున నిలుపుచున్నారు.

రెండవది అనువాదము. మాటకు మాట పెట్టుటయే భాషాంతరీకరణమని తలంచువాడు బాట బాగుచేయుచున్న చోట ‘పని పురోగతిలో ఉన్నది’ అని వ్రాయును. ‘ముందు బాటపని జరుగుచున్నది, మెల్లగా పొండు’ అన్నచో బండివాడు గ్రహించునుగదా! బడి దగ్గఱ ‘పాఠశాల మండలము’ అన్న నెవరికి తెలియును? ‘ఇచట బడిపిల్లలు దాటుదురు’ అన్న నెవరికి తెలియదు? పైగా యంత్రములలో అచ్చుకూర్పు సరిగా నమరక ఒత్తులు విడిపోయి, దీర్ఘములు ప్రక్కకు జరిగి, అక్షరమే అంగహీనమై నిలుచుటయు కలదు.

మూడవది పరిమాణము. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు వాహనము ఒక్క సెకండులో 22 మీటర్ల దూరము గడచును. చదువుటకు చిక్కు కాలము రెండు మూడు క్షణములే. ఆంగ్లము పెద్దదిగా వ్రాసి, గుండ్రని తెలుగు లిపిని దానిక్రింద చీమలబారువలె ఇఱికించిన, లారీవానికి అది కనబడునా? అంకెల చిక్కు వేఱొకటి. 2010లో జాతీయ రహదారుల సంఖ్యలు మార్చబడినవి. మద్రాసునుండి కలకత్తా వైపు పోవు 5వ రహదారి 16 అయినది. హైదరాబాదునుండి విజయవాడ పోవు 9వ రహదారి 65 అయినది. జనుల నోట పాత సంఖ్యయు, పలకపై క్రొత్త సంఖ్యయు నుండగా, రెంటికిని పొందిక చెప్పువాడు లేనిచో క్రొత్తవాడు దారి తప్పక యేమి చేయును?

ఇట్టి తప్పులు మన దేశముననే కలవని మేము చెప్పము. వేల్సు దేశమున 2006లో కార్డిఫు నగరపు పలక యొకటి పాదచారులను ఆంగ్లమున కుడివైపు చూడుమనియు, వేల్సుభాషలో ఎడమవైపు చూడుమనియు హెచ్చరించెను. 2008లో స్వాన్సీలో ఇంకను వింత జరిగినది. బరువుబండ్లు రాగూడదను పలకకు అనువాదము కోరి అధికారులు ఉత్తరము పంపిరి. ‘నేనిప్పుడు కార్యాలయమున లేను’ అని అనువాదకుని యంత్రమునుండి వెంటనే ప్రత్యుత్తరము వచ్చెను. అదియే అనువాదమనుకొని పలకపై చెక్కించిరి! కాని ఒక్క విషయము మఱవరాదు. ఆ వేల్సువారు తమ భాష పలకలపై నుండవలెనని 1960, 1970 దశకములలో ఉద్యమము నడపి, ఒంటి ఆంగ్లపు పలకలపై రంగు పూసి, చెఱసాలలకు పోయినవారు. పోరాడి తెచ్చుకొన్న పలక గనుక దానిలోని తప్పు వారిని నొప్పించినది, వెంటనే తీసివేయించిరి. మనమును భాష పేర రాష్ట్రము కోరినవారమే. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు ప్రాణమర్పించిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. 1966లో తెలుగు అధికారభాషయని శాసనము చేసికొంటిమి. అంత చేసి, ఊరి మొదటి పలకలోనే ఓడిపోవుటయా?

ఇక ధర్మశాస్త్రపు మాట. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 119వ సెక్షను ప్రకారము ఆజ్ఞాపలకలకు లోబడి బండి నడుపుట ప్రతి చోదకుని విధి. తప్పినచో శిక్ష కలదు. అదే చట్టము 116వ సెక్షనులో, పలకపైని మాటలను అంకెలను రాష్ట్రప్రభుత్వము తనకు తగినదని తోచిన లిపిలో చేర్పించవచ్చుననియు, అట్లు చేర్చిన వ్రాత పరిమాణమునను రంగునను మూలమును పోలియుండవలెననియు విధింపబడినది. చీమలబారు వ్రాత చట్టవిరుద్ధమనుటకు ఇంతకన్న నేమి కావలెను? 2019 సవరణచే చేరిన 198ఏ సెక్షను, బాట నిర్మాణ పోషణముల ప్రమాణములు పాటింపనందున మరణముగాని అంగవైకల్యముగాని కలిగినచో బాధ్యులకు లక్షరూపాయలవఱకు జుల్మానా విధించుచున్నది. హెచ్చరికపలక బాటలో భాగము కాదని వాదింపగల ధీరు డెవడు? ఆజ్ఞను పాటింపుమని ప్రజను శాసించువాడు ఆజ్ఞను తెలియునట్లు వ్రాయుటకు బద్ధుడు. ఇది న్యాయమునకు అ ఆ.

‘ఆంగ్లమున్నదిగదా, ఒక అక్షరము పోయిన నేమి?’ అని కొందఱందురు. పరదేశపు బాటసారికి ఆంగ్లముండనిండు, మేము వలదనము. ఉర్దూ చదువు పౌరునికి ఉర్దూయు నుండవలసినదే. కాని ఆ బాటపై రేయింబవళ్లు బండి తోలువాడు, ఆ బాట దాటి పొలము పోవువాడు, ఆ బాట ప్రక్క బడికి పోవు బిడ్డ తెలుగువారు. పలక ముందుగా వారి కొఱకు. పోయిన అక్షరము ఒక్కటే కావచ్చును. మలుపు తెలియక పోవునది ప్రాణము.

కర్తవ్యమేమి? ఊరిపేళ్లను ఆంగ్లమునుండి గాక రెవిన్యూ దస్తరములలోని తెలుగునుండియు, ఊరివారి నోటినుండియు సేకరించి ప్రతి జిల్లాకు ఒక పట్టిక ప్రకటింపవలెను. పలక ఎక్కించుటకు ముందు దాని ప్రతిని ఆ గ్రామపంచాయతీ చూచి అంగీకరింపవలెను. హెచ్చరికలను తెలుగు పంతులొకడు చదివిన పిదపనే అచ్చునకు పంపవలెను. ఈ పనులకు పెద్ద ధనము పట్టదు, శ్రద్ధ పట్టును.

పాఠకులారా! ప్రభుత్వము కదలువఱకు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కఱలేదు. ప్రతి పఠనమందిరమున ఒక పుస్తకము పెట్టుడు. నెలకొకసారి ఇద్దఱు స్వచ్ఛందసేవకులు ఊరి నాలుగు పొలిమేరలకు పోయి, తప్పుపలకలను, అవి యున్న స్థలమును, ఉండవలసిన రూపమును వ్రాసికొని రావలెను. రంగుకుంచె పట్టవలదు, కలము పట్టుడు. సంబంధించిన అధికారికి విజ్ఞప్తి పంపుడు. బదులు రానిచో 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము క్రింద, ఈ వ్రాత నంగీకరించిన దెవరు, దీని కైన వెచ్చ మెంత యని యడుగుడు. ఆ రెండు ప్రశ్నలకు లిఖితపూర్వకముగా బదులు చెప్పవలసివచ్చిననాడు, పలకలు తామే తెలుగు నేర్చుకొనును.